మెడపట్టీ లేని ఏప్రాన్

ఈమధ్య మా ఆయన లినెన్ చొక్కాలకు అలవాటు పడ్డారు. ఆ బట్ట పొడిగా ఉంటే ఇస్త్రీకి లొంగదు. నీళ్లు చిలకరించి, ఉండలా చుట్టి కాసేపు పక్కన పెట్టి, చెమ్మ ఆరకముందే పెట్టె నడపాలి. అలా నడిపినప్పుడు, వానకు తడిసిన గడ్డివాము మీద ఎండ పడితే వచ్చే వాసనలాంటిది, వెనకాలే కాస్త మాడిన గంజి వాసనను వెంటబెట్టుకుని గదంతా కమ్ముకుంటుంది. అది తగిలినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోతుంది. గొంతు నొప్పా అని ఆయన అడుగుతారు. కాదంటాను. అంతకుమించి ఇన్నేళ్లలో ఏమీ చెప్పలేదు.

ఆరో తరగతి నుంచి నేను రాజోలు దగ్గర మా రూతు పిన్ని ఇంట్లో ఉండి చదువుకున్నాను. పిన్ని మా అమ్మ చెల్లెలు. అమ్మా నాన్నా ఉద్యోగాలు చేసే ఐ.పోలవరం వైపు పల్లెలో ఐదు దాటితే బడి లేదు. పిన్నికి పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు. ఇంట్లో ఒక పిల్ల తిరుగుతుంటే మంచిదని పెద్దవాళ్లు అనుకున్నారు. బాబాయి ప్రసాదరావు గారు మా బడిలోనే లెక్కల మేస్టారు. చర్చిలో హార్మోనియం కూడా ఆయనే వాయించేవారు. తెల్ల చొక్కా మీద మరక ఎరగని మనిషి, దారిలో ముసలివాళ్లు కనబడితే సైకిలు దిగి పలకరించే మనిషి అని ఊరంతా చెప్పుకునేవారు.

ఆ ఇల్లు కాలవగట్టు కింద ఉండేది. వేసవిలో పీచు కోసం నానబెట్టిన కొబ్బరి డొక్కల కుళ్లు వాసన, వానల్లో గుమ్మం దాకా ఎగదన్నే ఎర్రనీళ్లు, ఆ నీళ్లలో తువ్వాలు అడ్డంపెట్టి మేం పట్టిన పరిగె చేపపిల్లలు, చలికాలం తెల్లవారుజామున మంచులో కనబడకుండా గంట చప్పుడుతో మాత్రమే వెళ్లే గేదెలు, పనసకాయ కోసిన రోజు చేతులకు రాసుకునే కొబ్బరినూనె, మధ్యాహ్నం అరుగు మీద చింతగింజలతో వామనగుంటలు, ఓడినవాళ్ల చేతివేళ్ల కణుపుల మీద గెలిచినవాళ్లు కొట్టే దెబ్బలు. ఆ రోజుల్లో అందరూ కొట్టేవారు. బండివాడు ఎద్దును, ఎద్దు దూడను, తల్లులు పిల్లల్ని, పిల్లలు కుక్కల్ని. మేస్టారి బెత్తం వేసవి సెలవుల్లో ఆముదం పట్టించుకుని ఎండలో ఉండేది. జూన్‌లో అది మా పిక్కల మీద పడినప్పుడు ముందు చప్పుడు వినబడి, తర్వాత మంట పుట్టేది. కాబట్టి దెబ్బ అంటే నాకు కొత్త కాదు. అయినా పిన్నికి పడే దెబ్బలు వేరని వెళ్లిన మొదటి వారంలోనే తెలిసింది, ఎందుకంటే వాటికి ఆవిడ ఏడ్చేది కాదు.

ఇంట్లో ఆయన బెత్తం వాడేవారు కాదు. చెయ్యి, బెల్టు, ఒకసారి పచ్చి కొబ్బరిమట్ట. కూరలో ఉప్పు తక్కువైనా, చర్చి నుంచి వచ్చేదారిలో ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడినా, అసలేమీ కాకపోయినా. పిన్ని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని గుండ్రంగా ముడుచుకుపోయేది. మా ఇంటికీ పక్కింటికీ మధ్య తాటాకు దడి తప్ప గోడ లేదు; అవతల సత్యవతమ్మగారు కూర తరిగే చప్పుడు మాకు వినబడేదంటే, ఇవతల పడే దెబ్బ వాళ్లకు వినబడకుండా ఉండదు. దెబ్బలు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో రేడియో గొంతు పెరిగేది. ఆయన బయటికి వెళ్లాక పిన్ని లేచి, జుట్టు ముడేసుకుని, నాతో ఒకటే మాట అనేది. "మీ అమ్మకి ఉత్తరంలో రాయకే. అక్కసలే కంగారు మనిషి."

నేను కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ చప్పుళ్ల నుంచి తప్పించుకోవడానికే. దీనమ్మ టీచరుగారు రిటైరైన కుట్టు టీచరు, పెళ్లి చేసుకోలేదు, భారీ మనిషి, నడుస్తుంటే వరండా పలకలు అదిరేవి. శనివారాలు చర్చి వరండాలో ఆడపిల్లలకు ఊరికే కుట్టు నేర్పేవారు. ఎప్పుడో వెళ్లిపోయిన మిషనరీ దొరసాని బంగళాలోని బల్లగుడ్డలు ఆవిడ ట్రంకుపెట్టెలో నాలుగైదు ఉండేవి, మీగడ రంగులో, బరువుగా. "అవిసె నారతో నేసిందమ్మా ఇది, లినెన్ అంటారు. ఉతికేకొద్దీ మెత్తబడద్ది గాని చిరగదు," అని ఒకటి నా ఒళ్లో వేశారు. పిన్నికి వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రాన్ కుడతానన్నాను, బంగళాలో వంటవాళ్లు కట్టుకున్నట్టుగా.

ముందు వేడినీళ్లలో ఉతికించారు, కుట్టాక ముడుచుకుంటే కష్టమంతా బూడిదే అని. చెమ్మ మీదే ఇస్త్రీ చేయించారు. కత్తిరించాల్సిన చోట ఒక్క దారం పట్టుకుని మెల్లగా లాగమన్నారు; దారం బయటికి వచ్చేసిన దారిలో వెంట్రుకంత గీత పడింది, ఆ గీత మీదే కత్తెర నడిపాను. అంచు రెండు మడతలు పెట్టి కుట్టడం, రెండు కుట్లు ముందుకు వెళ్లి ఒక కుట్టు వెనక్కి రావడం, దారం నాలుగు మూరలు తీసుకుంటే చిక్కు పడి ఏడవడం, అన్నీ అయ్యాయి. మెడకు తగిలించుకునే పట్టీ మాత్రం మూడు పొరలు మడిచి, కొసల దగ్గర ఇంటూ గుర్తులా అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి కుట్టాను. టీచరుగారు దాన్ని రెండు చేతులా గుంజి చూశారు. "ఏనుగుని కట్టినా తెగదే ఇది," అన్నారు. నాకు పెద్దవాళ్ల నుంచి దక్కిన మొదటి మెప్పు అదే. పిన్ని ఆ ఏప్రాన్ మెడలో వేసుకుని, నడుము వెనక తాళ్లు ముడేసుకుని, ఇంట్లో అటూ ఇటూ తిరిగి చూపించింది.

అది క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు. పెరట్లో పొయ్యి మీద పిన్ని గులాబీ పువ్వులు వేస్తోంది. బియ్యప్పిండి, మైదా, గుడ్డు, పంచదార, చిక్కటి కొబ్బరిపాలు కలిపిన పిండి గిన్నె నేను పట్టుకుని కూచున్నాను. పొడవాటి కాడకు పువ్వు ఆకారంలో ఇనప అచ్చు ఉంటుంది. దాన్ని మరిగే నూనెలో బాగా కాల్చి, పిండిలో అంచుదాకా ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు విడిపోయి పైకి తేలుతుంది. పిన్ని సన్నగా క్రిస్మస్ పాట పాడుకుంటోంది. చర్చిలో ఆడవాళ్ల పాటంతా ఆవిడ గొంతు మీదే నడిచేది. మేస్టారు వెనక నుంచి వచ్చి నిలబడ్డారు.

"చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నానా?"

"ఈ వాయి తీసి చేసేత్తానండి," అంది పిన్ని, వెనక్కి తిరగకుండానే.

ఆయన వంగి మెడపట్టీ పిడికిట్లోకి తీసుకుని మెలితిప్పారు. ఒకసారి కాదు, తిప్పుతూనే ఉన్నారు. పాట మధ్యలో ఆగిపోయింది. పిన్ని చేతిలో అచ్చు నూనెలో పడింది. రెండు చేతుల వేళ్లూ పట్టీ కింద దూర్చాలని చూసింది, సందు దొరకలేదు. కాళ్లు తన్నుకుంటుంటే పొయ్యిలో కట్టె బయటికొచ్చి నిప్పులు చెదిరాయి. ముఖం ఎరుపు దాటి నేరేడు రంగుకు తిరిగింది, నాలుక పళ్ల మధ్యకు వచ్చింది. నేను కదల్లేదు. ఈ మాట రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. గిన్నె పట్టుకుని అలాగే కూచుని, నేను కుట్టిన కుట్లవైపు చూశాను. తెగుతాయేమోనని చూశాను. తెగలేదు.

అప్పుడు దడి అవతల నుంచి సత్యవతమ్మగారి గొంతు వినబడింది. "మేస్టారండీ, కేరల్స్‌కి బండి ఎన్నింటికొత్తాదండీ?"

పిడికిలి వదులైంది. "ఆయ్, ఆరింటికండి," అన్నారు మేస్టారు, తేనెలాంటి గొంతుతో. "పిల్లల్ని తయారుచేసి ఉంచండి." చొక్కా తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. పిన్ని నేల మీద చాలాసేపు దగ్గింది. మెడ చుట్టూ కమిలిన గీత, దాని మీద నా కుట్ల అచ్చు. ఆ సాయంత్రం బండి మీద అందరూ పాడుతుంటే ఆవిడ పెదాలు మాత్రం కదిపింది. జలుబు చేసిందని అడిగినవాళ్లకు నేనే చెప్పాను.

మర్నాడు బ్లేడు తీసుకుని పట్టీ కోసెయ్యబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "పాడుచెయ్యకే. నువ్వు కుట్టేవుగా," అంది గాలిలాంటి గొంతుతో. ఆ మాట విని నేను ఏడ్చినట్టు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

క్రిస్మస్ మర్నాడు టీచరుగారి ఇంటికి వెళ్లాను. "మెడకేం లేకుండా ఏప్రాన్ కుట్టొచ్చాండి?" అని అడిగాను.

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఎవరికి?"

"పిన్నికండి."

ట్రంకుపెట్టె తెరిచి చివరి బల్లగుడ్డ తీశారు. "బరువు భుజాల మీద పడాల. ఈ భుజం పట్టీ వీపు మీదనించి ఆ పక్కకి, ఆ భుజంది ఈ పక్కకి దాటాల. తాళ్లు వద్దు, ముళ్లు వద్దు," అన్నారు. బట్ట నా ఒళ్లో పెడుతూ, "చేతికి ఏదీ చిక్కకూడదు," అన్నారు.

నాలుగు రోజులు ఆ వరండాలోనే కూచున్నాను. పాత పేపరు మీద టీచరుగారు గీసిస్తే సబ్బుముక్కతో బట్ట మీద గుర్తులు పెట్టుకున్నాను. పిన్నికి జడ వేస్తున్నానని చెప్పి, పురికొసతో భుజం నుంచి నడుముదాకా కొలత తీసుకున్నాను. మొదటిసారి పట్టీలు ఏ పక్కవి ఆ పక్కనే కుట్టేసి, తొడిగి చూస్తే సంచిలా వేలాడింది. విప్పి కుడితే రెండోసారి ఒక పట్టీ మెలిపడింది. మళ్లీ విప్పాను. సూది వేలిలో గోరు కిందికి దిగి బట్ట మీద రక్తం పడితే, ఉమ్మితో రుద్దితే పోతుందని టీచరుగారు చూపించారు. చివరికి కుదిరింది. చేతులు రెండూ పట్టీల్లో దూర్చి తల మీదుగా వేసుకుంటే చాలు, వెనక ఇంటూ గుర్తులా నిలిచింది. పిన్ని వేసుకుని, మెడ చుట్టూ ఒకసారి చెయ్యి తిప్పుకుని చూసుకుంది.

ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం, కొత్త సంవత్సరానికి మళ్లీ నూనె పెట్టింది. పాట లేదు. మేస్టారు దేనికి కోపంగా వచ్చారో ఇప్పుడు గుర్తులేదు. మొన్నటిలాగే చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. వీపు మీద పట్టీలు దాటే చోట పట్టుకుని గుంజారు. పిన్ని వెనక్కి తూలింది కాని ఊపిరి ఆగలేదు. తూలుతూనే తిరిగి, నూనెలో నుంచి తీసిన అచ్చును ఆయన ముంజేతి మీద పెట్టి నొక్కింది.

ఆ చప్పుడు చేప పెనం మీద పడ్డప్పటిది. ఆయన కేక దడి దాటి కాలవ అవతలికి పోయింది. పిన్ని అచ్చు తియ్యలేదు. "వదలండి," అంది మెల్లగా, ఆ బొంగురు గొంతుతో. అప్పుడు కూడా అండీ అంది. ఆయన వదిలి మోకాళ్ల మీద పడ్డారు. చర్మం మీద అచ్చులోని పువ్వు ఆరు రేకులూ తెల్లగా లేచి ఉన్నాయి. పిన్ని అచ్చును పళ్లెంలో జాగ్రత్తగా పెట్టి, నా చెయ్యి పట్టుకుని, ఆ ఏప్రాన్‌తోనే వీధి వెంట నడిచి దీనమ్మ టీచరుగారి ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూచున్నారు. మేస్టారు కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టుకున్నారు. "కట్టుకున్నోణ్ణి కాల్చేత్తావా అమ్మా, రూతమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. పిన్ని జవాబు చెప్పింది, కాని ఆ గొంతు రెండో వరసకు చేరలేదు. నేను లేచాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఆఖర్న, "నేనేం చెయ్యలేదండి. గిన్నె పట్టుకుని కూచున్నానండి," అని కూడా చెప్పాను. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి సత్యవతమ్మగారు లేచారు. "బండి ఎన్నింటికో నాకు తెలుసండి," అన్నారు తల వంచుకుని. "దడి సందులోంచి చూసేను. ఇంకేం అడగాలో తోచక అదడిగేను."

పెద్దలు సర్దుకుపొమ్మన్నారు. "రూతు మా ఇంట్లో ఉంటది," అని టీచరుగారు లేచి నిలబడ్డారు, అంతే. సోమవారం బడి తెరిచారు. లెక్క తప్పలేదు, అయినా మేస్టారు నన్ను లేపి, ఎడమ చేత్తో, బెత్తం చీలిపోయేదాకా కొట్టారు. పిక్కలు చిట్లి రక్తం గౌను అంచుకు అంటింది. ఆ ఏడాదే ఆయన కె.గంగవరం వైపు బదిలీ చేయించుకున్నారు. కొన్నేళ్లకు అక్కడే పోయారు. కబురు తెచ్చినవాళ్లకు పిన్ని కాఫీ ఇచ్చి పంపింది, వెళ్లలేదు. టీచరుగారి ఇంట్లోనే ఉండి గులాబీ పువ్వులు చేసి అమ్మింది, ఆవిడ తర్వాత ఆ వరండాలో పిల్లలకు కుట్టు నేర్పింది. గొంతు మాత్రం మళ్లీ రాలేదు. పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కూ వరసలో నిలబడి పెదాలు కదిపింది.

ఇప్పుడు ఆ బంగళా లేదు, ఆ వరండా తీసేసి పెద్ద హాలు కట్టారు, గులాబీ పువ్వులు ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతున్నాయి. తాటాకు దళ్లు ఎక్కడా లేవు. అన్నీ గోడలే, ఏసీల కోసం మూసిన తలుపులే. ఇవతల ఏం జరిగినా అవతలికి వినబడదు.

మొన్న ఒక మధ్యాహ్నం మా అపార్టుమెంటులో కరెంటు పోయింది. ఏసీలన్నీ ఆగాక, కింది ఇంట్లో మనిషి గోడకు తగిలిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకొకటి. దిగి వెళ్లి తలుపు కొట్టాను. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చొక్కా గుండీలు ఊడిన అబ్బాయి సగం తలుపు తీశాడు.

"ఏం లేదండి. టీవీ అండి," అన్నాడు.

"కరెంటు లేదు బాబూ," అన్నాను. "మీ ఆవిడ బయటికొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

తలుపు వేసేశాడు. మోకాళ్లు నొప్పిగా ఉండి మెట్టు మీద కూచున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి చెంప మీద కొంగు అదుముకుని వచ్చి, నా పక్కన కూచుంది. నేను కొంచెం జరిగి చోటిచ్చాను.