కురిమోరి స్టేషన్‌లో మా వదిన మూసిన తలుపు

తెరిచిన తలుపు కనబడితే మా వదిన మిసావోకి ఒళ్లు మండేది. కురిమోరి స్టేషన్‌కి ఆఖరి స్టేషన్ మాస్టరు ఆవిడ మొగుడే. కొండమీది దుంగలు రైలెక్కడం మానేశాక పైవాళ్లు సిబ్బందిని ఎత్తేసి, టికెట్ల కిటికీకి చెక్కలు కొట్టేశారు. అది జరిగి నలభై ఏళ్లు దాటినా, మొగుడు పోయినా, ప్లాట్‌ఫారం ఊడవడం వదిన మానలేదు. "జంతువులు దూరతాయి, తలుపు వేయండి" అని కాగితం అంటించిందీ ఆవిడే. వేయకుండా వెళ్లినవాణ్ణి రోడ్డు దాకా తరిమి తిట్టేది. వయసు డెబ్బై ఎనిమిది, నోటికి మాత్రం పదహారే.

ఆ ఏడు అడవిలో కాయలు కాయలేదు. ఎలుగుబంట్లు దిగుతున్నాయని రోజూ మైకులో చెబుతుంటే ఆ మోతకి అవి దూరంగా పోతాయని అందరం నడుముకి గంటలు కట్టుకు తిరిగాం. అక్టోబరులో ఓ మధ్యాహ్నం, కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఆయన షిగేహారు రైల్లో వస్తున్నాడు. ఆయన వదినకి తమ్ముడు. తీసుకురావడానికి ఇద్దరం వెళ్లాం.

వెయిటింగ్ రూమ్ తలుపు సగం తెరిచి ఉంది.

"ఏ దరిద్రుడో మళ్లీ! వాడి చేతులు పడిపోను!" అంటూ వదిన లోపలికి చూడనైనా చూడకుండా తలుపు జరిపి, బయటి గడియ పెట్టేసింది.

లోపల బెంచీ కూలింది. తలుపు అద్దం వెనక ఎలుగుబంటి నల్లటి వీపు కదిలింది. ప్రయాణికుల కోసం వదిన వేలాడదీసిన ఎండు పళ్లకి వచ్చినట్టుంది. గడియ చూస్తే వేలెడంత చెక్కముక్క. రైలు రావడానికి పది నిమిషాలే ఉంది, ఆగాక రైలు ముందు పెట్టె తలుపు తెరుచుకునేది సరిగ్గా ఈ గదికి ఎదురుగానే.

"పోలీసులకి ఫోన్ చేద్దాం వదినా."

"వాళ్లొచ్చేసరికి అర్ధగంట. ఈలోగా అద్దం పగలగొట్టుకుని మా తమ్ముడి మీదే పడుతుంది. నా మానాన నేనుంటే దాని దారిన అది పోయేదే! నేనే మూశాను, నేనే తీస్తా. నుయీ, నువ్వు నా వెనకే నిలబడి నీ చేతిలో గొడుగు విప్పి పట్టుకో. పెద్దగా కనబడితే కొండవైపు పోతుంది."

సరేనన్నాను. నిజంగానే అన్నాను.

గడియ కిర్రుమనగానే పరుగెత్తాను. ప్లాట్‌ఫారం చివరి మరుగుదొడ్లో దూరి గొళ్లెం పెట్టుకున్నాను. నా నడుం గంట మోగుతుంటే, ఆ మోతకి నావైపు వస్తుందేమోనని గుప్పిట్లో నొక్కిపట్టాను. వదిన గుర్తు రాలేదు. మా ఆయనా గుర్తు రాలేదు. నేను బతికితే చాలనుకున్నాను.

గాలి కంతలోంచి చూశాను. వదిన చీపురు గుండెలకి అడ్డం పెట్టుకుని గోడ పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఎలుగు బయటికొచ్చి, ఆవిడకి బారెడు దూరంలో ఆగి వాసన చూసింది. వదిన మెల్లగా తల తిప్పి గొడుగు కోసం వెనక్కి చూసింది.

అప్పుడే మలుపులో రైలు కూసింది. ఎలుగు పట్టాలు దాటి పొదల్లోకి ఉరికింది.

నేను బయటపడేసరికి మా ఆయన కంటికట్టుతో దిగి నిలబడ్డాడు. వదిన నేలమీద కూలబడి ఉంది.

"అక్కా, ఎలుగు పట్టాలు దాటడం కిటికీలోంచి చూశాను. దాని ముందు నువ్వొక్కదానివే ఉన్నావా?" అన్నాడాయన.

వదిన నా చేతిలోని విప్పని గొడుగు వైపు చూసింది.

"ఒక్కదాన్నెందుకుంటానురా? నీ పెళ్లాం నా వెనకే ఉంది."

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నేను నోరు విప్పలేదు.