రోలర్‌బాల్ చేతిని దాచదు

రోజూ వాడుకునే రోలర్‌బాల్ పెన్ను ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే, పోయిన చలికాలం దాకా నేను కుర్చీ లాక్కుని మరీ చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి, అది వేరే సంగతి. మా మంత్రిత్వ శాఖలో ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయి చాలా కాలమైంది. అయినా సంతకాలు, మీటింగుల్లో రాసుకునే నోట్సు, చిత్తుప్రతుల మీద దిద్దుబాట్లు ఇంకా చేత్తోనే నడుస్తున్నాయి. ఆ మిగిలిన కాస్త చేతిరాతకి మా అంతస్తు మొత్తానికి నేనే పెద్దమనిషిని. రిటైరయ్యేవాళ్ళకిచ్చే కార్డు మీద మొదటి వాక్యం నాచేతే రాయించేవారు. ఢిల్లీలో తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళయితే శుభలేఖల మీద పేర్లు రాసేదీ నేనే. ముత్యాల్లాంటి అక్షరాలండీ అనేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

నా సిద్ధాంతం ఇది. మంచి పెన్ను నొక్కించుకోకూడదు. బాల్‌పెన్ను నొక్కితే గాని రాయదు, సాయంత్రానికి బొటనవేలు పీకుతుంది. జెల్ పెన్ను మెత్తగానే వెళ్తుంది గాని మధ్యలో ఎక్కడో అలిగి ఉత్త గీత వదులుతుంది. రోలర్‌బాల్లో సిరా పల్చన, కాగితాన్ని తాకితే చాలు దిగుతుంది. అలాగని అన్నీ మంచివి కావు. ముక్కు లావైతే మన సర్కారీ కాగితం వెనక్కి ఊరిపోతుంది. మరీ సన్నమైతే గీరుతుంది. రాసిన గీత ఊపిరి తీసి వదిలేలోపు ఆరాలి. మూత టక్కుమని పడాలి. నొక్కితే ముక్కు బయటికొచ్చే రకం ఢిల్లీ ఎండల్లో ఎండి ఊరుకుంటుంది, దాని జోలికి పోవద్దు. విమానం ఎక్కితే జేబులో కక్కకూడదు. ఇంతా చెప్పి చివరికి ఒక మాట అనేవాణ్ణి: "రోలర్‌బాల్ చేతిని దాచదు. బాల్‌పెన్ను నొక్కుడులో చేతి తప్పులు కొన్ని కప్పబడిపోతాయి. ఇది అలా కాదు, చెయ్యి ఎలా కదిలితే అలా గీస్తుంది. ఆగితే ఆగినచోట చుక్క పాకుతుంది. మంచి చేతికే మంచి పెన్ను." ఆ చివరి మాట తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

చలి మొదలయ్యాక నా పెన్నులు ఒక్కొక్కటే పాడవడం మొదలుపెట్టాయి. ఏళ్ళ తరబడి వాడుతున్న రకమే. సున్నా చుడితే అంచు రంపంలా వచ్చేది. తలకట్టు పెడితే పక్కన మరో తోక మొలిచేది. ఈ కంపెనీవాళ్ళు నాణ్యత తగ్గించేశారు, లోపల గుండు సరిగ్గా కూర్చోవడం లేదు అనుకున్నాను. తరవాత చలికి సిరా గడ్డకడుతోంది అనుకున్నాను. ఇంట్లో పెన్నులు హీటరు దగ్గర పెట్టి వెచ్చబెట్టాను కూడా. మా ఆవిడ చూసి, "ఏవండీ, వాటికి స్వెట్టర్లు కూడా అల్లమంటారా?" అంది.

నేను పెన్నులు కొనేది బేర్ సరాయ్‌లో. ఆ ఇరుకు సందుల్లో పుస్తకాల దుకాణాల మధ్య ఒక స్టేషనరీ కొట్టుంది. సివిల్ సర్వీసు పరీక్షలకి చదివే పిల్లలు అక్కడ పెన్నులు పట్టి పట్టి చూసుకుంటారు. గంటల తరబడి రాయాలి కదా, పెళ్ళిసంబంధం చూసినట్టే చూస్తారు. కొన్న పెన్ను వెనక్కి తీసుకెళ్ళి కొత్తది పుచ్చుకున్నాను. అదీ అంతే. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి కౌంటరు మీద పెన్ను గట్టిగానే పెట్టి, "భయ్యా, సబ్ డిఫెక్టివ్ మాల్ రఖా హై" అని, అంతా పాడు సరుకే పెట్టాడని కేకలేశాను. దుకాణం అతను పాపం, "అంకుల్‌జీ, ఔర్ కిసీ నే తో నహీ బోలా" అన్నాడు. ఇంకెవరూ అనలేదట. అంటే నేనొక్కణ్ణే అబద్ధాలకోరునా అని తెలుగులో గొణిగాను.

నా గొణుగుడు విని, పక్కనే పెన్నులు చూసుకుంటున్న ఒక అమ్మాయి తిరిగి చూసింది. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకుంటున్న తెలుగమ్మాయి. "ఏదీ అంకుల్, ఒకసారి ఇవ్వండి" అని నా చేతిలోంచి ఆ పెన్ను తీసుకుంది. కౌంటరు మీద గీతలు గీసి చూడ్డానికి పడేసిన కాగితం మీద, నా రంపపు సున్నాల కిందనే, ఒక వరస సున్నాలు చుట్టింది. నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి. "బాగానే రాస్తోందే అంకుల్, ఎక్కడా తగల్లేదు" అని పెన్ను తిరిగిచ్చింది.

తీసుకోబోయిన నా చెయ్యి గాలిలో వణుకుతోంది. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు. చూపంతా పెన్ను ముక్కు మీదే పెట్టినవాడికి చెయ్యెలా కనపడుతుంది? ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మా పిల్లలకి చిన్నప్పుడు నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ పిల్ల చూసింది, దుకాణం అతనూ చూశాడు, ఇద్దరూ మర్యాదగా వేరేవైపు చూపు తిప్పుకున్నారు. ఆ మర్యాదకి నాకు భూమిలో కూరుకుపోయినంత పనయింది. క్షమించమని అనకుండానే బయటపడ్డాను.

ఒక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ప్రాణానికేం ఫరవాలేదు, కొందరికి వయసుతోపాటు వస్తుంది, మాత్రలు కొంతవరకు పనిచేస్తాయి, పదిమంది చూస్తున్నారనుకుంటే ఎక్కువవుతుంది అన్నాడు ఆయన. ఆ చివరి మాట నిజమే. ఆఫీసులో టీ వస్తే వద్దనడం మొదలుపెట్టాను. సంతకం పెట్టేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, గడియారం సర్దుకుంటున్నట్టు నటించేవాణ్ణి. కార్డు మీద రాయమని ఎవరైనా వస్తే కళ్ళజోడు మర్చిపోయానని పంపించేసేవాణ్ణి. మా ఆవిడకి చెప్పలేదు. ఏమిటి ఇంత సిగ్గు అంటే చెప్పలేను. కాలో కన్నో అయితే చెప్పుకునేవాణ్ణేమో. అక్షరం ఒక్కటే నా గొప్ప, అదే పోతే నేనెవరిని అనిపించింది.

మా విభాగంలో నాతోపాటు ఉన్న తెలుగువాడు ఒకే ఒక్కడు. నాకన్నా చాలా చిన్నవాడు, తెలంగాణ పల్లె నుంచి వచ్చినవాడు. కటవారియా సరాయ్ గదుల్లో ఏళ్ళ తరబడి చదివి, పెద్ద పరీక్ష అందక, ఇంకో పరీక్ష రాసి మా శాఖలో చేరాడు. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్ళం. తను దళితుణ్ణని తనే ఒకసారి మామూలుగా చెప్పాడు. "మా నాయినను బళ్ళె గడప అవతల కూసోవెట్టేటోళ్ళంట సార్. ఆడికెల్లే పలక మీద రాసుకునేటోడంట" అన్నాడు. నా సంగతి చెప్పనక్కర్లేదు, మా ఇంటిపేరు వింటే ఎవరికైనా తెలుస్తుంది.

వసంత పంచమికి ఇంకా కొన్ని రోజులుందనగా అతను నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"సార్, పంచమి నాడు మా బిడ్డకు అక్షరాభ్యాసం పెట్టుకున్నం. పంతులును పిలుస్తలేం. మీరే చెయ్యి పట్టి దిద్దియ్యాలె. మీ రైటింగ్ లెక్క రావాలె దానికి."

బియ్యం పోసిన పళ్ళెం ముందు పిల్లని కూర్చోబెట్టి, ఆ చిన్న వేలు పట్టుకుని, పెద్దవాళ్ళెవరో అక్షరాలు దిద్దిస్తారు. ఎవరు పట్టి దిద్దిస్తే వాళ్ళ చదువు వస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఇంతకన్నా గౌరవం నాకు ఢిల్లీలో ఎవరూ ఇవ్వలేదు. కాని నాకు ఆ క్షణంలో కనిపించింది గౌరవం కాదు. గదినిండా చుట్టాలు, అందరి కళ్ళూ నా చేతి మీద, బియ్యంలో వంకరపోతున్న అక్షరం, అవే కనిపించాయి.

"ఆ రోజు నాకు పనుందయ్యా" అన్నాను.

"ఏ టైమైనా సరే సార్. మీకు వీలైనప్పుడే పెట్టుకుంటం."

ఇక తప్పించుకోవడానికి దారి దొరకలేదు. నోటికి ఏదొస్తే అది అనేశాను. "అది కాదులే. ఇలాంటివి... మా ఇంట్లో ఒప్పుకోరు."

ఎందుకన్నానో నాకే తెలియదు. ఒప్పుకోకపోవడం దేనికి, ఎవరు ఒప్పుకోరు, ఏమీ ఆలోచించలేదు. మామూలుగా పేకాటకి రమ్మంటే మగవాళ్ళు చెప్పే సాకు అది. కాని అతని ముఖంలో వెలుగు ఎలా ఆరిందో చూశాను. అతను ఏం అర్థం చేసుకున్నాడో నాకు అప్పుడే, అక్కడే తెలిసిపోయింది.

"అర్థమైంది సార్" అన్నాడు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పిలిచి, అది కాదయ్యా, నా చెయ్యి వణుకుతోంది అంటే సరిపోయేది. ఇంత చిన్న మాట. మర్నాడు అతను నాతో భోజనానికి రాలేదు, ఆ తరవాతా రాలేదు. సార్ అనడం మానలేదు, ఫైలు సంగతి అడిగితే నవ్వుతూనే చెప్పేవాడు. నోటిదాకా వచ్చిన మాటని ప్రతిరోజూ మింగేశాను. నిజం చెప్తున్నాను, రెండూ తూచి చూసుకున్నాను. చెయ్యి వణుకుతున్న మనిషిగా తెలియడం ఒకవైపు, కులం చూసే మనిషిగా తెలియడం ఒకవైపు. మొదటిదే బరువనిపించింది. రెండోది మోయగలిగాను.

పంచమి రోజు పొద్దున్న కాఫీ తాగుతుంటే మా ఆవిడ ఫోన్లో ఏదో చదివి ముఖం చిట్లించింది. అతని భార్య ఆవిడకి మెసేజ్ పెట్టింది. మా ఆవిడ గట్టిగా చదివింది: "ఆంటీ, మీకు ఇబ్బంది ఐతదని తెల్వక అంకుల్‌ని అడిగినం. మనసుల ఏం పెట్టుకోకుండ్రి."

"నాకేం ఇబ్బంది? దేనికడిగారు?" అంది.

చెప్పాను. నేనన్న మాటతో సహా మొత్తం చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నా పేరు చెప్పారా? నేను ఒప్పుకోనని చెప్పారా?"

"పేరు చెప్పలేదు. ఇంట్లో అన్నానంతే."

"ఇంట్లో ఇంకెవరున్నారండీ, నేను కాక? మీ చెయ్యి వణుకుతోందని నాకు తెలియదనుకుంటున్నారా? దీపావళి నుంచీ మీ గ్లాసులో సగమే పోస్తున్నాను. చెయ్యి వణికితే వణికింది, దానికేం పోయింది? పరువు పోయే పని మాత్రం వణక్కుండా చేశారు. తప్పు చేసింది మీరైతే, క్షమించమని అతని భార్య అడుగుతోందా?"

ఆవిడ అంత కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను. వాళ్ళు ఉండేది మాకు దగ్గర్లోనే, సర్కారీ క్వార్టర్లలో పై అంతస్తులో. తలుపు తెరిచే ఉంది. చుట్టాలెవరూ లేరు, ఇంట్లో మనుషులే. పళ్ళెంలో బియ్యం, పక్కన పసుపు, చామంతి పూలు. పట్టుపరికిణీ కట్టిన పిల్లని వాళ్ళ నానమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆవిడకి చదువు రాదని అతను ఇంతకుముందు చెప్పగా విన్నాను. ఆవిడ పిల్ల వేలు పట్టుకుంది, అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అలా ముగ్గురూ కలిసి బియ్యంలో ఓం అని దిద్దుతున్నారు. అక్షరం పెద్దగా, వంకరగా వచ్చింది. పిల్ల "దాదీ, ఔర్ ఏక్ బార్" అని ఇంకోసారి దిద్దమంటోంది.

నేను గుమ్మం అవతలే నిలబడ్డాను. లోపలికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. అతనే చూసి లేచి వచ్చాడు. "సార్, లోపలికి రాండ్రి" అన్నాడు, ఏమీ జరగనట్టే.

నేను కుడిచెయ్యి ముందుకి చాపాను. చాపగానే అది వణకడం మొదలుపెట్టింది, ఇంతకుముందెప్పుడూ లేనంతగా. "ఇదయ్యా సంగతి. ఇందుకే రానన్నాను. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అది నా నోటికొచ్చిన అబద్ధం" అన్నాను. డాక్టరు చెప్పిందీ, నేను దాచిందీ అన్నీ చెప్పాను.

అతను నా చేతివంక చూశాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"ఇదా సార్? గింతదానికా?" అన్నాడు. "నేను ఇంకోటి అనుకుంటున్నని మీకు తెల్సా?"

"తెలుసు."

"ఆ రోజే తెల్సా?"

"ఆ రోజే తెలుసు."

"చెయ్యి వణుకుతుందని చెప్పనీకి సిగ్గయ్యింది. మరి దానికి సిగ్గు కాలేదా సార్?"

గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. అయిందని చెప్పాలని నోరు తెరిచాను. అబద్ధాలు చెప్పడానికి కాదు కదా వచ్చింది.

"కాలేదయ్యా" అన్నాను.

అతను తల ఊపాడు. లోపలికి తిరిగి, సార్‌కి కూడా అన్నం పెట్టమని వాళ్ళావిడకి చెప్పాడు.