సోమవారం పళ్లెం

ఫెలిసియానా కోల్కెకు రెండు దేశాల తగాదాతో పెద్దగా పనిలేదు. బొలీవియా, చిలీ ఒకరికొకరు రాయబారిని పంపుకోవడం మానేసి ఇంచుమించు ఆమె వయసంత కాలమైంది. మాటలు లేకపోతే మానె, సరుకు ఆగుతుందా! సోయా, కలప, తగరం మోసుకుంటూ లారీలు బొలీవియా నుంచి సహామా మంచుకొండ పక్కగా చిలీలోని ఆరికా రేవుకు దిగాల్సిందే. దిగే ముందు సరిహద్దు గేటు దగ్గర బారు తీరాల్సిందే. ఆ బారే ఆమెకు బతుకుతెరువు.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ బారు చివర పులుసు అమ్ముతోంది. ఎండు గొర్రెమాంసం, మంచులో ఎండబెట్టిన బంగాళాదుంపలు వేసి కాచిన చిక్కటి పులుసు. సగం తినేలోపే ముందు లారీ కదిలిందంటే డ్రైవరు పళ్లెంతో సహా బండెక్కేస్తాడు. అందుకని ఖాళీ పళ్లాలను గేటు దగ్గర బల్ల వేసుకున్న కూతురు నైద తీసుకుంటుంది. ఏ రోజు పళ్లాలకు ఆ రోజు రంగు అంచు. సోమవారానికి నీలం, మంగళవారానికి పసుపు. మూడో రోజుకు గాని గేటు చేరనివాడికి మొక్కజొన్న జావ ఉచితం. ఇదంతా దయే అనుకునేరు. ఆ జావ తాగినవాడు మళ్లీ ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా తినడు.

ఆ గురువారం రెండు దేశాల అధికారులు కలిసి వచ్చారు. ఇటు బొలీవియా, అటు చిలీ విడివిడిగా చేసే తనిఖీలు రెండూ ఒకే గదిలో, ఒకేసారి చేసేయాలా అన్నది తేల్చాలి. లారీలు రోజుకు మించి ఆగుతున్నాయని తేలితేనే ఆ ఏర్పాటు. కాగితాల్లో మాత్రం పూటకు మించి లేదు. లారీ గేటు తాకినప్పటి నుంచే లెక్క మరి. వెనకున్న బారు ఏ దేశపు పుస్తకంలోనూ లేదు.

“నిన్నడిగితే పూటలో వెళ్లిపోతారని చెప్పమ్మా,” అంది నైద పొద్దున్నే. “క్యూ పోతే మనమేం తింటాం, గడ్డా?”

“చెప్తాలేవే. నా పొట్ట నేనే కొట్టుకుంటానా?”

అధికారులు ముందు డ్రైవర్లను అడిగారు. ఒకడు వారం అన్నాడు, ఇంకొకడు పదిహేను రోజులన్నాడు. వాళ్ల నోటికి అదుపెక్కడిది! అధికారులు నవ్వుకుని నైద బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. బొలీవియా తరఫున ఒకావిడ, చిలీ తరఫున ఒకాయన. బారు చివర నుంచి కుండతో వచ్చి ఫెలిసియానాయే వడ్డించింది.

“ఏమ్మా, నువ్వు రోజూ చూస్తుంటావుగా. నిజం చెప్పు, ఎంతసేపు పడుతుంది?” అన్నాడాయన.

“ఒక పూట సార్...” అంటుండగానే ఎలియోదోరో వచ్చాడు. ముసలి డ్రైవరు. చలిగాలికి పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది. చేతిలో నీలం అంచు పళ్లెం.

“చెల్లెమ్మా, నాకు జావ వస్తుందా, రాదా? రోజుల లెక్క తప్పిపోయింది నాకు.”

“వస్తుందన్నయ్యా, కూర్చో.”

ఫెలిసియానాకు సిగ్గేసింది. ఆ పళ్లెం తీసుకుని అధికారుల ముందు పెట్టింది.

“నీలం అంచు సోమవారానిది, పసుపు మంగళవారానిది సార్. ఇది సోమవారం మధ్యాహ్నం ఇచ్చింది. ఇవాళ గురువారం. ఇంతసేపు పడుతుంది. ఇందాక అబద్ధం చెప్పాను. నమ్మకం లేకపోతే ఆ గంపలోవి చూసుకోండి, ఇవాళ వచ్చినవే అన్నీ.”

నైద తల పట్టుకుంది. ఆ అధికారిణి లేచి గంపలోని పళ్లాలు ఒక్కొక్కటీ తీసి చూసింది. నీలం, పసుపు, మళ్లీ నీలం. చిలీ ఆయన జేబులోంచి కలం తీశాడు.

నాలుగు నెలలకు రెండు తనిఖీలకూ ఒకే గది వచ్చింది. మొదటి రోజు అలవాటు కొద్దీ ఫెలిసియానా కుండ నిండా వండుకుని వచ్చింది. లారీలు ఆగనే లేదు. డ్రైవర్లు హారన్లు కొట్టి, చేతులూపి వెళ్లిపోతున్నారు.

“రాత్రికి ఆరికాలో చేపలు తింటా, చెల్లెమ్మా!” అని అరిచాడు ఎలియోదోరో.

“తింటాడట చేపలు. ఈ కుండెడు పులుసు ఎవరు తింటారు?” అంది నైద.

ఫెలిసియానాకు సంతోషంగానూ ఉంది, ఏడవాలనీ ఉంది. రెండు పళ్లాల్లో వడ్డించి, ఒకటి కూతురి చేతికిచ్చి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. ఇన్నేళ్లలో తన పులుసు పొగలు కక్కుతుండగా కూర్చుని తినడం ఇదే మొదలు.

“ఉప్పు తక్కువైందే,” అంది.

“ఎప్పుడూ తక్కువేనమ్మా,” అంది నైద. “నీకెవ్వరూ చెప్పలేదంతే.”