మీటరాయన వెనకదారి నడక

మా నగరంలో ఆదివారం పొద్దున్న పాత కట్టడాలు చూపించే నడకలు మూడు నాలుగున్నాయి. అన్నింట్లోనూ నడిచాను, నా కాళ్ళు ఊరుకోవు. అన్నీ ఆ గడియారపు స్తంభం, ఆ కోర్టు, ఆ వంతెన చుట్టూనే తిరుగుతాయి. ఎవరికీ పట్టని కట్టడాలు చూపించేది మీటరాయన ఒక్కడే.

ముప్ఫయ్యొక్కేళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్ల రీడింగు రాసుకున్న మనిషి. పాత పేటలో మీటర్లన్నీ పెరట్లో, కుళాయి పక్కన ఉంటాయి. అందుకని ఏ ఇంటికైనా వెనక సందులోంచే వెళ్ళేవాడు. ఊరంతా ఆయనకు అటునుంచే తెలుసు: ఏ మెట్ల కింద బావి పూడ్చారో, ఏ గోదాము ఒకప్పుడు నాటకశాలో. (నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ అందరికంటే ముందు గోదాములయ్యేవి నాటకశాలలే. ఎందుకో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. సరే, అది వేరే కథ.)

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, పదిమందిని వెంటేసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. భార్య ఊరుకుంటుందా?

"అన్నేళ్ళు జీతమిచ్చి తిప్పారు. ఇప్పుడు జీతం లేకుండానే తిరుగుతున్నారు. మీ బుర్రకి కాదండీ, అరికాళ్ళకి పట్టింది పిచ్చి."

ఈ ఏడు నగర కార్యాలయం కొత్త నియమం పెట్టింది. నడక నడిపేవాళ్ళని అధికారి వచ్చి పరీక్షిస్తారు, నెగ్గకపోతే ఆపెయ్యాల్సిందే. ఆ ఆదివారం పాత కట్టడాల శాఖ అధికారిణి అట్టకి కాగితాలు తగిలించుకుని వచ్చింది. వెనక మేం తొమ్మిదిమందిమి, ఆపరేషను గది బయట బంధువుల్లా.

ఆవిడ మమ్మల్ని నేరుగా పెద్ద వీధిలోకి తీసుకెళ్ళి ఒక మేడ ముందు ఆపింది. నాలుగు స్తంభాలు, పైన రెండు రాతి గుర్రాలు.

"దీని గురించి చెప్పండి."

మీటరాయన పైకి చూశాడు, కిందికి చూశాడు, మెడ తుడుచుకున్నాడు.

"ఇది నేనెరగనండీ. ఎప్పుడూ రాలేదు."

"అదేమిటి? మీరిచ్చిన జాబితాలో మూడోది. పాత అచ్చాఫీసు."

"అచ్చాఫీసా! దానికి గుర్రాలెక్కడివండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కలం తీసింది.

"ముప్ఫయ్యేళ్ళు వచ్చిన మేడని గుర్తుపట్టలేకపోతే ఎలాగండీ?"

"మీటరు వెనకుందమ్మా," అన్నాడు చిన్నబోయి. "ఒక్కసారి అటు రండి. అప్పుడూ చెప్పలేకపోతే కొట్టెయ్యండి నా పేరు."

సందులో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. చివర తలుపు తట్టాడు. తడిచేతులతో ఒక ముసలావిడ తీసింది.

"మీటరన్నయ్యా! బతికే ఉన్నావా? ఉద్యోగం పోగానే మేం కనపడకుండా పోయామా?"

"ఉన్నాలే చెల్లెమ్మా. వీళ్ళకి లోపల చూపించాలి."

"చూపించు. ఇప్పుడే తుడిచాను, జారి పడితే నన్ననకండి."

అధికారిణి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాలుగుసార్లు ముందు గేటుకి వచ్చానండీ, లోపల చూడనివ్వమని ఆఫీసు ఉత్తరం పట్టుకుని. ఒక్కసారీ తలుపు తియ్యలేదు."

"ఉత్తరం పట్టుకొచ్చేవాళ్ళంటే భయం కాదూ?" అంది ముసలావిడ. "ఈయన పుస్తకం, పెన్సిలు పట్టుకొచ్చేవాడు. మా మావగారికి కబుర్లకి మనిషి దొరికేవాడు."

వంటగది దాటితే పాత అచ్చుగది. నేలరాళ్ళలో యంత్రం కాళ్ళు దిగిన నాలుగు గుంటలు. గోడమీద భుజమెత్తున నల్లటి మెరుపు. కాగితాలు ఎక్కించే మనిషి అలసినప్పుడల్లా ఒరిగిన చోటు. ఆ మనిషి ఈవిడ మావగారే. నీటి లెక్క రాసుకుంటూ మీటరాయన ఆయన నోట విన్నదంతా మాకు చెప్పాడు. గుర్రాలు, స్తంభాలు తర్వాతి యజమాని తగిలించిన సోకులట. మాట తడబడలేదు. అధికారిణి రాసుకోవడం మానేసి, తన భుజం ఆ మరకకి ఆనించి చూసుకుంది.

అనుమతి ఇచ్చింది. ఆర్నెల్లకే. "ఈలోగా ముందువైపు కూడా నేర్చుకోండి. మళ్ళీ వస్తాను."

మరుసటి బుధవారం పెద్ద వీధిలో కనిపించాడు. ఆ గుర్రాల మేడకి అవతలి కాలిబాట మీద, మెడ పట్టేసేలా పైకి చూస్తూ నుంచున్నాడు. నేను పక్కన నిలబడ్డా కాసేపు గమనించలేదు.

"ఇంత అందంగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదండీ నాకు," అన్నాడు.