బుల్లెమ్మ కుడి కన్ను

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్ళు మంట. నందిగామలో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఫాస్ఫరస్ పాఠం వచ్చినప్పుడల్లా కొరివి దయ్యం సంగతి ఎత్తి, "ఇదేరా మీ దయ్యం, ఊరికే భయపడి చావకండి" అని నవ్వేదాన్ని. మా చుట్టాల్లో ఎవరైనా కల్లో ఎవరో కనిపించారనో, తలుపు దానంతటదే తెరుచుకుందనో మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరైనా చూస్తే నవ్వుకోండి, నేనేం అనుకోను.

ఇది పట్టపగలు జరిగింది. ఇందులో తెల్లచీరలు లేవు, కాలి గజ్జెలు లేవు. కొన్ని ముసలి పిల్లులున్నాయి, మా రాజ్యం అక్క ఉంది.

రాజ్యం అక్క మా పెద్దమ్మ కూతురు. జగ్గయ్యపేటలో వాళ్ళకి రైసు మిల్లు ఉండేది. బావగారు పోయాక దాన్ని మూసేశారు. పనివాళ్ళు తలో దారి వెళ్ళిపోయారు గానీ, ఎలుకల కోసం మిల్లులో చేరిన పిల్లులు మాత్రం కదల్లేదు. అక్క వాటికి రోజూ ఇంత అన్నం పెట్టేది. ఆ మాట ఊళ్ళో పాకింది. పెంచుకున్న పిల్లి ముసలిదై మంచం పట్టిందని విసుగెత్తినవాళ్ళూ, లారీ కింద పడబోయి బతికినదాన్ని చూసి మనసు ఒప్పనివాళ్ళూ అట్టపెట్టెల్లో తెచ్చి మిల్లు గేటు దగ్గర వదిలేసేవాళ్ళు. చూస్తూ ఉండగానే అది పిల్లుల ఆశ్రమం అయిపోయింది. ఒకప్పుడు బియ్యం బస్తాలు పెట్టిన గదిలో ముసలివీ రోగాలవీ ఉంటాయి, బయట షెడ్డులో తక్కినవి ఉంటాయి.

మా ఇళ్ళల్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. అక్కకి పిల్లులంటే ప్రాణమే గానీ, వాటికి ఏం పెట్టాలో తెలియదు. తను తినేదే వాటికీ పెట్టింది. పాలు, పెరుగన్నం, నెయ్యి వేసిన పప్పన్నం, ఏకాదశి నాడు ఉప్మా. మిగతా పిల్లులు ఎలుకల్ని పట్టుకుని ఎలాగో గట్టెక్కాయి. బుల్లెమ్మ మాత్రం అక్క ఒడి దిగేది కాదు, అదే దాని కొంప ముంచింది. బెల్లం రంగు పిల్లి అది. పెరుగన్నం మీదే ఏళ్ళు గడిపి, ఒకనాడు గోడలకి గుద్దుకోవడం మొదలుపెట్టింది.

నందిగామ నుంచి వచ్చిన పశువుల డాక్టరుగారు దాని కళ్ళలోకి టార్చి వేసి చూశారు. "మాంసం తగలకపోతే పిల్లికి కళ్ళు పోతాయండి. దీనికి ఇక చూపు రాదు" అన్నారు.

"దాని కళ్ళు నేనే పొడిచేశానే భారతీ" అని అక్క ఆ రోజు ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. మర్నాడు పొద్దున్నే పాత చీర కట్టుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చేపల బజారుకి వెళ్ళింది. చేపలమ్మే ఆవిడ "ఏందమ్మగారూ, దారి తప్పి వచ్చారా?" అని నవ్విందట. మిల్లు పెరట్లో వేరే పొయ్యి పెట్టించింది. చేప తలకాయలు ఉడకబెట్టి, ముళ్ళు ఏరి, పిల్లులకి పెట్టి, అక్కడే బోరు దగ్గర తలస్నానం చేసి గానీ ఇంట్లోకి అడుగు పెట్టేది కాదు. చలికాలంలోనూ అంతే. నేను రిటైరయ్యి జగ్గయ్యపేట వచ్చేశాక రోజూ వెళ్ళి సాయం చేసేదాన్ని. ముళ్ళు ఏరే పని నాకే పడింది. మొదట్లో వాంతి వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

బస్తాల గదిలో ఉన్న ముసలివాళ్ళ గురించి చెప్పకపోతే నాకు తోచదు. నందిగామ కోర్టు దగ్గర దొరికినవాడు జడ్జిగారు. వెనక కాలు ఒకటి లేదు. పళ్ళెం ముందు కూర్చుని, ఎవరూ తోసుకోకుండా అందర్నీ ఓసారి చూసి, ఆఖరున తినేవాడు. సిమెంటు అని ఇంకోడు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చిన లారీ మీంచి దిగాడు, బూడిద రంగు పిల్లి అనుకుని ఆ పేరు పెట్టాం. స్నానం చేయిస్తే పాలలా తెల్లగా తేలాడు. పేరు మాత్రం మారలేదు. ఆయాసం మనిషి, దగ్గొచ్చినప్పుడల్లా వీపు నిమరమని నా మొహంలోకి చూసేవాడు. సూరమ్మకి ఒక్క పన్ను లేదు, అయినా కోపం వస్తే నా చెయ్యి పట్టుకుని చిగుళ్ళతో కొరికేది. "కొరికావులేవే తల్లీ, చాలా నెప్పి పుట్టింది" అంటే గర్వంగా వెళ్ళి పడుకునేది. ఈ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఒక్కొక్కరూ పోయినప్పుడు, నాకెందుకీ తద్దినం అని తిట్టుకుంటూనే నాలుగు రోజులు అన్నం సయించక తిరిగాను.

అక్కకి ఒక పట్టుదల ఉండేది. ఏ పిల్లీ పోయేటప్పుడు ఒంటరిగా పోకూడదు. ఆఖరి ఘడియల్లో ఎవరిదో ఒకరి చెయ్యి దాని ఒంటి మీద ఉండాలి. దాని కోసం ఆ గదిలో నులకమంచం వేసుకుని ఎన్నో రోజులు కూర్చునేది. బుల్లెమ్మ విషయంలో మరీను. "అది నన్ను చూసి ఎన్నేళ్ళయిందో. నా చెయ్యి ఒక్కటే దానికి తెలుసు. ఆ చెయ్యి కూడా లేకుండా పంపిస్తే నాకు పుట్టగతులుండవు" అనేది.

పోయిన ఏడాది బుల్లెమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. రోజూ చర్మం కిందకి సెలైన్ ఎక్కించాలి. అదే సమయంలో అక్కకీ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసింది, బుల్లెమ్మని వదిలి రానంటుంది. నేను రాని పూట అక్క ముళ్ళు ఏరితే, కనపడక మిగిలిన ముల్లు సూరమ్మకి గొంతులో గుచ్చుకున్న రోజున నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను లేనూ? నాలుగు రోజులు నేను చూడలేనా? దాని మీంచి చెయ్యి తీయను, పోయి కళ్ళు బాగుచేయించుకో" అని అరిచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. తర్వాత కూతురు లావణ్యతో విజయవాడ వెళ్ళింది.

మర్నాడే ఆపరేషన్. ఆ పొద్దున సెలైన్ పెట్టబోతే బాటిలు ఒక్కటే ఉంది, సూదులు అయిపోయాయి. జగ్గయ్యపేటలో ఆ సైజు దొరకలేదు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "వారం పది రోజులు ఢోకా లేదండి, మీరు వెళ్ళి తెచ్చుకోండి" అన్నారు. బయలుదేరే ముందు తడి దూదితో బుల్లెమ్మ కళ్ళు తుడవడం మొదలుపెట్టాను. రోజూ పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయేవి. ఎడమ కన్ను తుడిచానో లేదో సిమెంటు దగ్గడం మొదలెట్టాడు. వాడి దగ్గరికి వెళ్ళాను, వాడు కుదుటపడేసరికి బస్సు టైమైపోయింది. కుడి కన్ను వచ్చాక తుడుద్దాంలే అనుకున్నాను. నాగమ్మ, అంటే అక్కడ ఊడ్చే ఆవిడ, అప్పటికే పని ముగించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. గదికి తాళం వేసి తాళంచెవి నా పర్సులో వేసుకున్నాను. ఆ తాళానికి రెండోది లేదు.

నందిగామలో సూదులు పది నిమిషాల్లో దొరికాయి. అక్కడే వెనక్కి తిరిగి బస్సెక్కి ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు. బస్టాండులో మా కాలేజీలో పనిచేసిన సుశీల కనిపించింది. "ఇన్నాళ్ళకి దొరికావు, అన్నం తిని వెళ్ళాల్సిందే" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెళ్ళాను. తిన్నాను. పాత కబుర్లు చెప్పుకుంటూ పడీపడీ నవ్వాను కూడా. నేను తిరిగి మిల్లుకి వచ్చి తాళం తీసేసరికి మూడున్నర.

బుల్లెమ్మ పోయింది. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నాగమ్మ సాయంత్రం పనికి వచ్చి చూసి, నా పక్కన కూర్చుంది. కాసేపు బుల్లెమ్మని పరకాయించి, "ఎవరో అరచేతిలో పెట్టుకున్నట్టుందమ్మా దాని తలకాయి" అంది. అప్పుడు చూశాను. ముసలి పిల్లులు పోయేటప్పుడు మూల వెతుక్కుని ముడుచుకుంటాయి, అలా పోయినవాటిని చాలా చూశాను. ఇది మంచానికి దగ్గరగా, కాళ్ళు చాపుకుని, గడ్డం కొంచెం పైకెత్తి ఉంది. గడ్డం కింద ఏమీ లేదు. వీపు మీద బొచ్చంతా దువ్వినట్టు ఒకే వైపు ఉంది. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

అదే కాలితో తుడుచుకుందేమో అనుకున్నాను. కానీ రెండు రోజులుగా అది కాలు ఎత్తలేకపోతోంది, నీళ్ళు కూడా నేనే సిరంజితో పట్టిస్తున్నాను. పోయేముందు కాస్త ఓపిక వచ్చిందేమోలే అని సరిపెట్టుకున్నాను. చీకటి పడకముందే పెరట్లో పూడ్చిపెట్టాం.

ఆ సాయంత్రం లావణ్యకి ఫోన్ చేశాను. సంగతి వినగానే అది, "పిన్నీ, అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు. ఆపరేషనైన కంటితో ఏడవకూడదన్నారు" అంది. తర్వాత, "మధ్యాహ్నం ఒకటి జరిగిందిలే" అంది.

ఆపరేషనయ్యాక అక్కని బెడ్ మీద పడుకోబెట్టారట. రెండు దాటాక అక్క కుడి చెయ్యి పక్కకి చాపి, దుప్పటి అంచుని నిమరడం మొదలుపెట్టిందట. నర్సు బీపీ చూస్తానంటే "ఉండమ్మా, కాసేపాగు" అందట. మూడు కావస్తుండగా చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకుని నిద్రపోయిందట. తర్వాత దుప్పటి మార్చడానికి వచ్చిన నర్సు లావణ్యని కోప్పడింది. "కళ్ళ ఆసుపత్రికి పిల్లిని తెచ్చారా ఏంటండీ?" అని అడిగిందట. చెయ్యి ఉన్నచోట బెల్లం రంగు వెంట్రుకలున్నాయట.

నేను వెంటనే వాదించాను. పిల్లులతో తిరిగే మనిషి ఒంటి మీద వెంట్రుకలు ఉండవా? నా కాఫీలోనే రోజూ తేలుతుంటాయి. తలస్నానం చేయించి, ఆసుపత్రి గౌనే వేశారని లావణ్య చెప్పింది. గోళ్ళ సందుల్లో ఇరుక్కుని ఉంటాయిలే అన్నాను.

తర్వాతి నాలుగు రోజులూ అక్క రోజుకి రెండుసార్లు ఫోన్ చేసింది. జడ్జిగారు తిన్నాడా, సిమెంటుకి దగ్గు తగ్గిందా, సూరమ్మ అలిగిందా అని పేరు పేరునా అడిగింది. బుల్లెమ్మ ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. అది మాత్రం నాకు మింగుడుపడలేదు.

అయిదో రోజు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. నాకు ఆమె మొహం చూడ్డానికి మొహం చెల్లలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న అబద్ధం చెప్పేశాను. "బుల్లెమ్మ మంగళవారం పోయిందక్కా. బాధేం పడలేదు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి తీయలేదు" అన్నాను.

అక్క నులకమంచం మీద కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. మామూలుగా ముళ్ళు సరిగ్గా ఏరలేదని సాధించే గొంతుతోనే అడిగింది. "ఎడమ కన్ను తుడిచి కుడి కన్ను వదిలేశావేమే? ఎంత గట్టిగా అతుక్కుపోయిందో. అది మూలుగుతుంటే నాకు చేతులాడలేదు, మెల్లగా తీయాల్సొచ్చింది."

ఆ కన్ను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాగమ్మకి తెలియదు, లావణ్యకి తెలియదు, సుశీలకి తెలియదు. ఆ గదిలో అప్పుడు నేనూ పిల్లులే ఉన్నాం.

అక్క కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేశాను. సుశీల ఇంటి భోజనం, కబుర్లు, అన్నీ. నువ్వు నమ్మి అప్పగిస్తే నేను పోయి నవ్వుకుంటూ కూర్చున్నానక్కా అని వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్క నా తల నిమిరింది. "ఊరుకోవే. నువ్వు లేకపోతే నేనున్నాగా. దాన్ని ఒక్కదాన్నే పంపలేదు, అంతే చాలు" అంది. కొంగుతో నా మొహం తుడిచి, "ఇంతకీ సుశీల ఏం కూర చేసిందే?" అని అడిగింది.

ఏ దయ్యం కథలోనైనా పోయినవాళ్ళు కనిపిస్తారు. మా అక్క నిక్షేపంలా బతికే ఉంది, ఇప్పుడు చేప ముళ్ళు నాకంటే బాగా ఏరుతోంది. మరి ఆ మధ్యాహ్నం జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఎలా వెళ్ళావని అక్కని ఇంతవరకూ అడగలేదు. ఆమె కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చాలా రోజులు నాకు చేతనైన లెక్కలన్నీ వేశాను. వెంట్రుకలకి ఒక కారణం, చెయ్యి చాపినదానికి ఇంకో కారణం. కుడి కన్ను దగ్గరికి వచ్చి ఆగిపోయేదాన్ని. గట్టిగా ప్రయత్నిస్తే దానికీ ఒకటి దొరుకుతుందేమో. కానీ ఈ మధ్య వెతకడం మానేశాను. ఎందుకంటే ఆ కారణం దొరికిన రోజున, తాళం వేసిన గదిలో బుల్లెమ్మ ఒక్కతే పోయిందని నేను ఒప్పుకోవాలి.