ద్వాలి ఇంటి పొయ్యి ఎవరి సగంలో ఉంది

ములకలపల్లి దాటాక మా ఆటో టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ కోసం వెతుకుతుండగా నా పక్కనున్నావిడ జొన్నపిండి మూట నెత్తిన పెట్టుకుని దిగింది.

"కూసుంటే తండా మన కాడికొస్తదా బాపూ? నడువు," అంది.

అడవి దారిలో తోడు దొరికితే వదులుకునే అలవాటు నాకు లేదు. ఆవిడ పేరు ద్వాలి. పిండి ఎవరికని అడిగాను.

"పూలి యాడికి. యాడి అంటే మా లంబాడీ బాసల అమ్మ. నన్ను కనలే గని, నా ఇల్లు నిలవెట్టింది గామెనే."

ద్వాలి మిర్చి ఏరిన కూలీ, భర్త లాలు ఆటో కిరాయి, రెండూ ఆ ఇంటి గోడల్లోకే పోయాయి. కాగితం మీదా ఇద్దరి పేర్లే. లాలు ఒక దోస్తు ట్రాక్టరు అప్పుకు ఆమెకు చెప్పకుండా జామీను సంతకం పెట్టాడు. తండాలో జామీను కాదనడమంటే మనిషి ముఖాన తలుపేసినట్టే. దోస్తు ఊరొదిలాడు. ఫైనాన్సు వాళ్లు కోర్టుకెక్కి ఇంట్లో లాలు సగాన్ని జప్తు చేయించారు.

వేలం చాటడానికి వచ్చిన కోర్టు అమీను, "నీ సగం ఎవ్వరూ ముట్టరమ్మా," అని ధైర్యం చెప్పాడట.

"అయితే గీత గీసి చూపియ్యి సారూ. పొయ్యి నాదా, ఆయనదా? తలుపు ఆయన దిక్కు పోతే నేను కిటికీలకెల్లి దుంకాల్నా?"

అమీను వేలం కాగితం గోడకంటించి వెళ్లిపోయాడట. అన్నదమ్ములు రాజ్యాలు పంచుకున్న కథలు బోలెడు చదివాను. పొయ్యిని పంచిన కథ ఒక్కటీ తగల్లేదు.

అది ఏజెన్సీ ప్రాంతం. గిరిజనులే కొనాలి. తండాలో ఎవరూ వేలం పాట పాడేది లేదన్నారు. కానీ కొత్తగూడెంలో నౌకరీ చేసే తిరుపతి, పూలి సొంత కొడుకే, పాడతానన్నాడు. వేలానికి ముందురోజు తల్లిని వెంటబెట్టుకుని ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. ద్వాలి రొట్టెలు చేస్తోంది.

"ఇంటికొచ్చినోనికి పెట్టకుంటే ఎట్ల బాపూ? పెట్టిన. కారం అద్దుకొని తిన్నడు."

అతను చెయ్యి కడుక్కుంటుంటే పూలి అడిగింది.

"మంచిగున్నదా బిడ్డా?"

"అవ్ యాడీ, మస్తుగున్నది."

"గట్లనా. రొట్టె తిన్న పొయ్యినే రేపు పాటల కొంటవా? కొను. మల్ల నా పొయ్యి కాడికి మాత్రం రాకు."

మర్నాడు తిరుపతి రాలేదు. పాడేవాడు లేక ఫైనాన్సు వాళ్లు వాయిదాలకు దిగివచ్చారు. మొగుడూపెళ్లాలు కూలీకీ కిరాయికీ తిరిగి తీర్చారు. మొన్ననే జప్తు ఎత్తేశారు.

"లాలు మీద కోపం రాలేదా?"

"రాకేం? వాయిదాలు ఒడిసేదాంక ఆటోలనే పండమన్న. దోమలు ఆయన సగం, నా సగం చూడకుంట కుట్టినయి." పకపకా నవ్వింది. "కొడుకును కాదని నా దిక్కు నిలవడ్డది బాపూ ఆ ముసల్ది. గందుకే జొన్నలు ఇంటికొస్తె తొలిపిండి ఆమెకే."

"మరి తిరుపతి?"

"వస్తడు. సిగ్గుకు ఇంకో రొట్టె ఎక్కువ తింటడు."

మలుపు దగ్గర ఒక గడపలోంచి ముసలామె కేకేసింది. "పొయ్యి అంటువెట్టిన! పిండి తెస్తున్నవా, ఇసురుతున్నవా? జల్దీ రా!"

ద్వాలి నడక మార్చింది. నేనింకా ఏదో అడుగుతూనే ఉన్నాను. మూట గుమ్మానికి తగలకుండా చేత్తో పట్టుకుని వంగి ఆ గడపలోకి వెళ్లిపోయింది.