ఏ మీడియం?

నా చిన్నప్పుడు మీడియం అంటే బడే. తెలుగు మీడియమా, ఇంగ్లీష్ మీడియమా అని కడపలో ఎవరడిగినా మా అబ్బా ఛాతీ కాస్త విరుచుకుని జవాబు చెప్పేవాడు. ఆ ఒక్క మాటే మస్కట్‌లో మా కొంప ముంచిందని అమ్మీ అంటుంది. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అబ్బా అప్పుడు ఒమన్‌లో, మస్కట్‌కు దూరంగా షినాస్ అనే ఊరి దగ్గర ఒక కంపెనీ సైట్‌లో స్టోర్ కీపర్. అమ్మీ, నేను మూడు నెలల వీసా మీద ఆయన్ని చూడటానికి వచ్చాం. అంతలో మస్కట్ ఆఫీసులో ఒక పోస్టు ఖాళీ అయింది. అది దొరికితే ఫ్యామిలీ వీసా వస్తుంది, ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. లేకపోతే మేం కడపకు, అబ్బా క్యాంపు రూముకు. మనిషిని చూసి తేల్చుకోవడానికి కంపెనీ ఇంగ్లీషు మేనేజరు మమ్మల్ని ఒక పెద్ద హోటల్‌కు మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు.

అందరికీ స్టేక్ అని ఆయనే చెప్పాడు. అరచేతంత మాంసం ముక్క, నిప్పుల మీద కాల్చి ఇస్తారు. నడివయసు మలయాళీ వెయిటరు నా కుర్చీ వెనక నిలబడి, "మీడియం, సర్?" అని అడిగాడు. అబ్బా నా తల నిమిరి, "యస్, మీడియం! ఇంగ్లీష్!" అన్నాడు. ఇంత పెద్ద హోటల్లో నా చదువు గురించి అడుగుతున్నారని నేనూ మురిసిపోయాను.

ప్లేట్లు వచ్చాయి. అబ్బా ప్లేటు పక్కన మాత్రం, ఇంగ్లీష్ అన్నందుకు, చిన్న గిన్నెలో ఇంగ్లీష్ మస్టర్డ్ అనే పచ్చటి ఆవ ముద్ద! అక్కడ మీడియం అంటే ముక్కను సగమే కాల్చడమట. అబ్బా కత్తి దించగానే ముక్క లోపల ఎర్రగా తేలింది, నెత్తుటి రంగు నీరు ప్లేటంతా పాకింది. మాంసం హలాలే, కానీ నెత్తురు కనిపించే ముక్క మా ఇంట్లో ఎవరి గొంతూ దిగదు. వద్దంటే పిలిచిన మనిషిని చిన్నబుచ్చినట్టు. ఎలా ఉందని మేనేజరు అడిగాడు. అబ్బా ఫోర్కు గాలిలోనే ఆగిపోయింది.

వెయిటరు గబగబా వచ్చాడు. "సారీ సర్, నాదే తప్పు. మీరు వెల్ డన్, బాగా కాల్చమన్నారు, నేనే తప్పు రాసుకున్నాను" అంటూ ప్లేటు అందుకున్నాడు. మేనేజరు అతని మీద విరుచుకుపడ్డాడు. ఇతన్ని పనిలోంచి తీసేయాలంటూ హోటల్ ఓనరును పిలవమన్నాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు తిరిగి చూస్తుంటే వెయిటరు తల వంచుకుని నిలబడ్డాడు.

నాకు నోరు ఆగదు, అప్పుడూ అంతే. "కాదు, అబ్బా మీడియం అనే..." అన్నాను. అమ్మీ బల్ల కింద నా తొడ మెలిపెట్టింది. "చుప్ బైఠ్!"

అబ్బా నా వంక చూశాడు. ఆయన కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. అయినా లేచి నిలబడ్డాడు. తప్పు వెయిటరుది కాదని, మీడియం అన్నది తానేనని, పాప బడి గురించి అడుగుతున్నారనుకున్నానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు నవ్వలేదు.

"అంటే ప్రశ్న అర్థం కాకుండానే యస్ అన్నావా?"

"యస్ సర్."

మళ్ళీ కాల్చి తెచ్చిన ముక్క చెప్పు అట్టలా ఉంది. అబ్బా చివరిదాకా తిన్నాడు. వెయిటరు మేనేజరును దాటి వచ్చి, ముందుగా మా అబ్బా గ్లాసులో నీళ్ళు పోశాడు.

పోస్టు ఇంకొకరికి పోయింది. మేం కడపకు వచ్చేశాం. "ఆ పొద్దు నువ్వు గమ్మునుండింటే మనకు మస్కట్‌లో ఇల్లుండేది గదే!" అని అమ్మీ ఇప్పటికీ సాధిస్తుంది. ఒకరి డ్యూటీ పోగొట్టి తెచ్చుకునే ఇల్లు మనకెందుకని నేనూ ఇప్పటికీ వాదిస్తాను. మేనేజరు అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఇది ఒప్పుకుంటాను, నేను ఒప్పుకునేవి తక్కువ.

ఏ హోటల్‌కు వెళ్ళినా తెలియని మాట వినబడితే, "అంటే ఏమిటి బాబూ?" అని నలుగురికీ వినపడేట్టే అడుగుతాను. మా పిల్లలు సిగ్గుతో మెనూ కార్డుల వెనక దాక్కుంటారు. దాక్కోనీ. అడగకుండా యస్ అంటే ఎవరు తల వంచుకుని నిలబడాల్సి వస్తుందో వాళ్ళు చూడలేదు.